యంత్రవిద్యావిశారదులు శ్రీ జి. డి. నాయుడుగారు



ఈ వార్షిక మహాసభ సంచికకు మన వారిలో నొక ప్రసిద్ధపురుషుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. ఏ జమీందారుగారి చరిత్రమో, ఏ మంత్రివర్యుల చరిత్రమో మేము వ్రాయుదుమని వారు తలంచియుందురు. అట్టివి మన వెనుకటి సంచికలలో చాలినన్ని వెలువడినవి. బెజవాడ బందరు రోడ్డుమీద నొకప్పుడు జమీందారుల మోటారు కార్లు పోవుచుండగా జనులు నిలువబడి చూచెడివారని మా తండ్రిగారు చెప్పగా వింటిమి. ఆ కార్లను ఎక్కినవారి పేర్లు అందఱకును తెలియును. కారు మూత తెఱచి లోపల నేమున్నదో చూచిన వాని పేరు తలంచువారు తక్కువ. అందుచేత చేతులకు నూనెమసి యంటించుకొన్న యొక పురుషుని మేము ఎన్నుకొంటిమి. వారే కోయంబత్తూరు వాస్తవ్యులు కీర్తిశేషులు గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు.

కోయంబత్తూరి వారికిని కృష్ణాతీరమునకును సంబంధమేమని శంకింపవలదు. విజయనగర ప్రభువుల కాలమునను తరువాతను మన కమ్మవారు అనేకులు దక్షిణమునకు తరలిపోయి, కొంగునాట నల్లరేగడి నేలలను సాగుచేసికొని నిలిచిరి. శతాబ్దములు గడచినను ఇండ్లలో తెలుగు విడువలేదు. వారి పలుకు మన చెవికి కొంత వింతగా నుండును గాని మనది కాదనుటకు వీలులేదు.

నాయుడుగారు 1893 సం. మార్చి 23వ తేదీని కోయంబత్తూరు సమీపమందలి కలంగల్ గ్రామమున వ్యవసాయకుటుంబమున జన్మించిరి. తల్లి బాల్యముననే గతించెను. చదువు ప్రాథమిక తరగతులతో నిలిచిపోయెను. ఈ వాక్యమును వ్రాయుటకు మాకు కొంచెము కష్టముగా నున్నది. ముప్పది యేండ్లకు పైగా బాలురకు విభక్తులును సమాసములును చెప్పిన వారము మేము. బడి పట్టుకొనలేని పిల్లవాడు ఇంతవాడయ్యెనని చెప్పినచో మా బోధన యేమగును? అయినను ఉన్నది ఉన్నట్లు చెప్పక తప్పదు.

ఒకనాడు ఆ గ్రామమార్గమున నొక ఆంగ్లేయోద్యోగి మోటారు సైకిలుపై వచ్చెను. అది రడ్జి అను సీమ బండి. గుఱ్ఱము లేదు, ఎద్దు లేదు. అయినను బండి కదలుచున్నది. ఆ పల్లెవారందఱును చూచిరి. కాని పొలమునకు మరలిపోయిన పిమ్మటకూడ ఆ చప్పుడు చెవిలో నిలిచిపోయినది ఆ యువకునకే. దానిని తాను సంపాదింపవలెనని పట్టుపట్టి, పట్టణమునకు పోయి యొక భోజనశాలలో వడ్డనపనికి కుదిరెను. మడిచెక్కలు గల రైతు బిడ్డ పరుల యెంగిలి పళ్లెములెత్తుట ఆ కాలమున ఎంత చిన్నతనముగా నుండెడిదో మన పెద్దలెఱుగుదురు. నేడును మన యిండ్లలో నది యంత సుళువు కాదు. కొన్ని యేండ్లు అట్లు కూడబెట్టి, ఆ దొరను వెదకి పట్టుకొని, మూడువందల రూపాయలకు ఆ బండినే కొనెను.

కొన్నవాడు మొదట ఎక్కి ఊరేగవలెను గదా! వీరట్లు చేయలేదు. మరకు మర, చీలకు చీల విప్పి నేలపై పఱచి, ఏది దేనిని త్రిప్పుచున్నదో చూచి, మరల బిగించిరి. వ్యాకరణమునందు పదమును ప్రకృతిప్రత్యయములుగా విడదీసినగాని అర్థము నిలువదని మేము బాలురకు చెప్పుచుండెడి వారము. ఈ పనియు నదియే. ఇది మాకు చాల ఆలస్యముగా తోచినది.

ఎంత ఆలస్యముగా ననగా, మా పాఠశాలలో నొక బాలుడు గోడగడియారమును దించి విప్పి, మధ్యాహ్నపు గంట వేళకు దాని చక్రములను బల్లమీద వరుసగా పేర్చియుంచెను. మేము వాని రెండు అరచేతులమీదను బెత్తముతో కొట్టితిమి. వాడేడ్చుచునే ఆ చక్రములన్నిటిని యథాస్థానమున బిగించెను. గడియారము నడచెను. దానిని మేము ఆనాడు గుర్తించినట్లు కనబడనీయలేదు.

నాయుడుగారి కథకు మరలుదము. 1920లో నొక మోటారు బస్సును సంపాదించి, పొల్లాచ్చికిని పళనికిని నడుమ తామే చక్రము పట్టి నడిపిరి. ఇందులకు స్టేన్స్ దొరగారి సహాయము లభించెను. ఆ బస్సొకటి పెక్కు బస్సులై, యూనివర్సల్ మోటారు సర్వీసు, అనగా యు. ఎం. ఎస్. అను పేర దక్షిణదేశమంతట ఖ్యాతి నొందెను. యజమాని స్వయముగా ఇంజను విప్పగలవాడైన సంస్థలో పనివాండ్ర మాట యెట్లుండునో ఊహించుకొనవచ్చును.

బస్సులతో వారికి తృప్తి కలుగలేదు. 1937లో పీలమేడునందలి వారి నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్సునుండి డి. బాలసుందరం నాయుడుగారి పర్యవేక్షణమున విద్యుత్ మోటారు వెలువడెను. మనదేశమున తయారైన మొదటి మోటారు అదియేనని ప్రసిద్ధి. నేడు మన డెల్టా మెరకలలో బోరునీరు తోడు ప్రతి రైతును ఈ సంగతిని తలంచుకొనదగును. ఘటములతో తిరుగు క్షౌరయంత్రము, మిక్కిలి పలుచని బ్లేడులు, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, దొంగవోట్లకు వీలులేని వోటు యంత్రము — ఇట్లు వారి బుద్ధి నిలుకడ లేక పాఱెను. పునాది మొదలుకొని పైకప్పువఱకు పదునొకండు గంటలలో నొక యిల్లు కట్టించిరి. ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి పైరులమీదను పరిశోధనలు చేసిరి. శాసనసభ యెన్నికలలో నిలిచి ఓడిపోయిరి. ఓట్లను లెక్కించు యంత్రమును ఊహించినవారికి ఓట్లను సంపాదించు యంత్రము దొరకలేదు.

1944లో మోటారు వ్యాపారభారమునుండి తొలగి, పరిశోధకవిద్యార్థులకును తమ పనివాండ్రకును ధర్మములేర్పఱచిరి. మఱుసటి యేడు వారి విరాళముతోను కృషితోను కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పేర సాంకేతిక కళాశాల వెలసెను. నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల దాని సంతతియే. బడిచదువు లేని వారే దానికి ప్రధానాచార్యులైరి! కాని నాలుగేండ్ల చదువు వ్యర్థమనియు, రెండేండ్లు చాలుననియు వారి వాదము. ప్రభుత్వము సమ్మతింపకపోగా పదవి విడిచిరి. ఇందు మేము వారితో పూర్తిగా ఏకీభవింపజాలము. చేతిపని రెండేండ్లలో రావచ్చును; గణితశాస్త్రము అట్లు తొందరకు లొంగదు. అయినను మన పిల్లలు నేడు నాలుగేండ్లు ఇంజనీరింగు చదివి, పట్టా పుచ్చుకొని, ఇంటిలో ఫ్యూజు పోయినచో పనివానికై కబురంపుట చూచినప్పుడు మా యభ్యంతరము సగము కరగిపోవుచున్నది.

ఇక వారి హృదయమునకు గాయమైన ఘట్టము. 1952లో ఇద్దఱు కూర్చుండదగిన పెట్రోలు కారు నొకదానిని సిద్ధము చేసిరి. వెల రెండువేల రూపాయలు మాత్రమే. ఒక సామాన్య రైతు ఆశపడదగిన వెల. ప్రభుత్వము తయారీకి అనుమతి పత్రము నీయనందున ఆ కారు అంతటితో నిలిచిపోయెను. నాటి ప్రభుత్వమునకు తన కారణములు తనకుండవచ్చును; ఏ వస్తువు ఎవరు ఎంత చేయవలెనో రాజధానిలో నిర్ణయించు కాలమది. కాని భోజనశాలలో పళ్లెములెత్తి బండి కొన్న మనుష్యుడు, తనవంటి వారికై చవుకగా బండి చేసి, దానిని వీథిలోనికి పంపజాలకపోయెనుగదా యని మాకు నేటికిని మనస్సు కలగును. పన్నులభారముపై నిరసనగా వారు తమ యంత్రములను జనులయెదుట పగులగొట్టించిరి. చేసిన చేతులే విఱుచుట మాకు నచ్చదు. ఆ కోపము ఎక్కడనుండి వచ్చెనో మాత్రము తెలియుచున్నది.

1974 సం. జనవరి 4వ తేదీని వారు పరమపదించిరి. 2025లో కోయంబత్తూరు అవినాశి రోడ్డుమీది పది కిలోమీటర్ల పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వమువారు వారి పేరిడిరి. నాయుడు అను కులనామము వంతెనకు తగునా యని అక్కడ వాదము పుట్టెనట. కులసభ సంచికలో కూర్చుండి ఆ వాదమును తీర్చుట మాకు తగదు.

అదే రోడ్డున వారి ధర్మసంస్థ 2015లో పాత మోటారు కార్ల ప్రదర్శనశాలను తెఱచినది. పాత బండ్లను ప్రేమించువారికి అది యొక క్షేత్రము. మేమును క్రిందటి యేడు పోయి చూచితిమి. మాతో వచ్చినవాడు గడియారము విప్పిన ఆ బాలుడే. నేడు వానికి ఏబది దాటినవి, బెజవాడ ఆటోనగరులో ఇంజను షెడ్డు కలదు. రైలుఖర్చు వాడే పెట్టుకొనెను. మేము పలకలమీద వ్రాసిన సంవత్సరములను చదువుచు నడచుచుండగా వాడు వెనుకబడిపోయెను. తిరిగి చూతుము గదా, ఒక పాత కారు ప్రక్కను నేలపై మోకాళ్లూని, తల వంచి, దాని అడుగుభాగమును చూచుచున్నాడు. కావలివాడు వారించుటకు రాబోగా మేము చేయెత్తి ఆపితిమి. వాడు లేచువఱకు అక్కడనే నిలిచియుంటిమి.