ఆలిస్ మిలియా

క్రీడలు దేహమునకు దార్ఢ్యమును, మనస్సునకు ధైర్యమును కలిగించునని పెద్దలు చెప్పుదురు. ఆటస్థలమున ధనిక దరిద్ర భేదము లేదు. ఎవరు వేగముగా పరుగెత్తుదురో వారే ముందుగా గమ్యమును చేరుదురు. ఇట్టి న్యాయమైన స్థలమున సైతము ఒక ద్వారము చాలకాలము మూయబడి యుండెను. మానవులలో సగముమంది యగు స్త్రీలు ఆ ద్వారమునకు వెలుపలనే నిలువవలసి వచ్చెను. ఆ తలుపు తీయించుటకై పాటుపడిన ధీరవనిత ఆలిస్ మిలియా.

ఒలింపిక్ క్రీడలు ప్రాచీన గ్రీసు దేశమున పుట్టినవి. పదునైదు వందల సంవత్సరములకు పైగా నిలిచిపోయిన ఆ క్రీడలను ఫ్రాన్సు దేశీయుడగు కూబర్టిన్ ప్రభువు పునరుద్ధరింపగా, 1896లో ఏథెన్సు నగరమున అవి మరల జరిగెను. అందు ఒక్క స్త్రీయు పాల్గొనలేదు. 1900లో ప్యారిస్ నగరమున జరిగిన క్రీడలకు సుమారు వేయిమంది పోటీదారులు రాగా వారిలో స్త్రీలు 22 మంది మాత్రమే. టెన్నిస్, గోల్ఫ్ వంటి కొన్ని యాటలకు మాత్రమే వారిని రానిచ్చిరి. ఒలింపిక్ క్రీడలకు ప్రాణమని చెప్పదగిన పరుగు పందెములలోను, దూకుట, విసరుట మొదలగు పోటీలలోను వారికి చోటు లేదు. వీనినే అథ్లెటిక్సు అందురు. పోటీపడుట పురుషుల పనియనియు, గెలిచినవారిని అభినందించుట స్త్రీల పనియనియు కూబర్టిన్ అభిప్రాయము. యువకుల విద్యకై అంతగా పాటుపడిన ఆయనయే ఇట్లు తలచినప్పుడు ఇతరుల మాట చెప్పనేల?

ఆలిస్ 1884వ సంవత్సరము మే నెల 5వ తేదీన ఫ్రాన్సు దేశపు పశ్చిమ భాగమందలి నాంత్ నగరములో జన్మించెను. యౌవనమున ఆమె ఇంగ్లండునకు వెళ్ళి, 1904లో తన ఊరివాడే యగు జోసెఫ్ మిలియాను వివాహమాడెను. కాని ఆ దాంపత్యసుఖము ఎంతో కాలము నిలువలేదు. 1908లో భర్త మరణించెను. అప్పటికి ఆమె వయస్సు 24 సంవత్సరములు. సంతానము లేదు. పరదేశమున ఒంటరియైన ఆ యువతి దుఃఖమునకు లొంగిపోలేదు. దేశములు తిరిగి భాషలు నేర్చెను. ఆ భాషాజ్ఞానమే తరువాత ఆమెకు జీవనాధారమయ్యెను. అనువాదకురాలుగా పనిచేసి ఆమె తన కాళ్ళపై తాను నిలిచెను. ఇంగ్లండులో నున్నప్పుడే ఆమెకు క్రీడలయందు అభిరుచి కలిగెను. అందులోను పడవ నడుపుట ఆమెకు మిక్కిలి ప్రీతి.

ఆ కాలమున ఫ్రాన్సులో స్త్రీలకు ఓటు హక్కు లేదు. అది 1944లో గాని వారికి లభింపలేదు. వివాహిత తాను ఆర్జించిన జీతమును తన యిష్టానుసారము వాడుకొను హక్కు 1907లో వచ్చెను. భర్త యనుమతి లేకయే ఉద్యోగము చేయు స్వాతంత్ర్యము 1965 వరకును రాలేదు. పనిచేయుచోట గాని, శాసనసభయందు గాని మాట చెల్లని స్త్రీకి ఆటస్థలమున మాట చెల్లునా? ఈ చిక్కులన్నియు ఒకే త్రాటి ముడులని ఆలిస్ గ్రహించెను. ఓటు హక్కు లేనంతకాలము స్త్రీల క్రీడలను పాలకులు లెక్కచేయరని ఆమె తలచెను.

ఆమె ప్యారిస్ చేరి, అచట ఫెమినా స్పోర్ట్ అను మహిళా క్రీడాసంఘమున సభ్యురాలై, 1915లో దానికి అధ్యక్షురాలయ్యెను. అప్పుడు మొదటి ప్రపంచ యుద్ధము జరుగుచుండెను. పురుషులు యుద్ధభూమికి తరలిపోగా, వారు చేయుచుండిన పనులు స్త్రీలపై బడెను. స్త్రీలు కర్మాగారములలో ఫిరంగి గుండ్లు తయారుచేసిరి, ట్రాము బండ్లపై పనిచేసిరి, పొలములు దున్నిరి. బరువైన గుండ్లను దినమంతయు ఎత్తుచున్నప్పుడు స్త్రీ శరీరము సుకుమారమైనదని ఎవరును వారింపలేదు. ఆ స్త్రీలే సాయంకాలమున మైదానములో పరుగెత్తబోయినచో అది వారి ఆరోగ్యమునకు హానికరమని వైద్యులు సైతము హెచ్చరించిరి! ఈ వింత తర్కమును ఆలిస్ అంగీకరింపలేదు. 1917లో మహిళా క్రీడాసంఘములు కొన్ని ఏకమై ఒక సమాఖ్యగా ఏర్పడెను. 1919లో ఆమె ఆ సమాఖ్యకు అధ్యక్షురాలయ్యెను.

1920లో ఆమె ఫ్రెంచి యువతుల ఫుట్‌బాల్ జట్టును ఇంగ్లండునకు తీసికొనిపోయెను. అచట వారితో ఆడినవారు ప్రెస్టన్ పట్టణమందలి డిక్, కెర్ కర్మాగారపు స్త్రీలు. వేలకొలది జనులు ఆ యాటలను చూడవచ్చిరి. ఆ యేడాది చివర లివర్‌పూల్‌లో ఆ కర్మాగారపు జట్టు మరియొక జట్టుతో ఆడగా చూడవచ్చినవారు సుమారు 53,000 మంది. ఇంతటి యాదరణ చూచియు ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘము మెచ్చలేదు. ఫుట్‌బాల్ స్త్రీలకు తగిన యాట కాదని చెప్పి, తన సంఘములకు చెందిన మైదానములలో వారిని ఆడనీయరాదని 1921 డిసెంబరులో నిషేధించెను. ఆ నిషేధము సుమారు 50 సంవత్సరములు సాగెను.

స్త్రీలకు అథ్లెటిక్సునందు చోటు కల్పింపుమని ఆలిస్ 1919లో ఒలింపిక్ సంఘమును కోరెను. సంఘము నిరాకరించెను. సామాన్యులైనచో ఆ నిరాకరణతో వెనుదిరిగి యుందురు. లేదా అర్జీపై అర్జీ వ్రాయుచు కాలము గడిపి యుందురు. ఆలిస్ వేరొక మార్గమును ఎంచుకొనెను. తమను ఇంటిలోనికి రానీయనప్పుడు తామే ఒక యిల్లు కట్టుకొనవలెనని ఆమె నిశ్చయించెను. 1921లో మాంటికార్లోలో స్త్రీల క్రీడోత్సవము జరిగెను. ఆ యేడాది అక్టోబరు 31వ తేదీన ఆమె ప్యారిస్‌లో అంతర్జాతీయ మహిళా క్రీడాసమాఖ్యను స్థాపించెను. మరుసటి సంవత్సరము ఆగస్టు 20వ తేదీన ప్యారిస్‌లోని పెర్షింగ్ మైదానములో ఆ సమాఖ్య మహిళా ఒలింపిక్ క్రీడలను జరిపెను. ఐదు దేశముల యువతులు 11 పోటీలలో పాల్గొనిరి. సుమారు 20,000 మంది ప్రేక్షకులు వచ్చిరి. ఒక్క దినముననే పెక్కు ప్రపంచ రికార్డులు నెలకొనెను. స్త్రీల పోటీలను ఎవరు చూతురని ఎగతాళి చేసినవారికి ఆ జనసమూహమే సమాధానమయ్యెను.

ఈ విజయము చూచి ఒలింపిక్ సంఘమునకు కలవరము కలిగెను. ఒలింపిక్ అను పేరును స్త్రీలు వాడరాదని అది పట్టుబట్టెను. ఆలిస్ ఆ పేరును విడిచిపెట్టుటకు సమ్మతించెను గాని ఊరక విడిచిపెట్టలేదు. 1928 ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు అథ్లెటిక్సు పోటీలు ఏర్పాటు చేయుదుమను మాట పుచ్చుకొనెను. తరువాతి క్రీడలు మహిళా ప్రపంచ క్రీడలను పేరుతో 1926లో స్వీడను దేశపు గోటెబర్గ్ నగరమున జరిగెను. అందు పాల్గొనుటకు హితోమి కినుయె అను 19 ఏండ్ల జపాను బాలిక, తన దేశమునుండి ఒంటరి పోటీదారుగా అంతదూరము వచ్చి, దూరము దూకుటలో ప్రథమస్థానము పొందెను. ఆలిస్ నెలకొల్పిన వేదిక ఎంతదూరపు బాలికలకు ఆశాదీపమయ్యెనో దీనివలన తెలియుచున్నది.

1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో స్త్రీలు తొలిసారి అథ్లెటిక్సునందు పాల్గొనిరి. కాని వారికి ఇచ్చినవి ఐదు పోటీలు మాత్రమే. ఇది అన్యాయమని బ్రిటిషు స్త్రీలు ఆ పోటీలను బహిష్కరించిరి. ఆలిస్‌కును అసంతృప్తి కలిగెను. అయినను తెరచిన సందును మరల మూసికొననీయరాదని తలచి ఆమె దానికి ఒప్పుకొనెను.

ఆ యైదింటిలో 800 మీటర్ల పరుగు ఒకటి. తుదిపోటీలో తొమ్మిదిమంది యువతులు పరుగెత్తిరి. తొమ్మిదిమందియు గమ్యమును చేరిరి. జర్మనీ దేశపు లీనా రాడ్కే 2 నిమిషముల 16.8 సెకనులలో పరుగు ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. హితోమి కినుయె రెండవ స్థానము పొందెను. తీవ్రముగా పరుగెత్తినవారు గమ్యము చేరినపిదప అలసి కూలబడుట సహజమే; పురుషులును అట్లే చేయుదురు. కాని మరునాటి పత్రికలు పలువురు యువతులు దారిలోనే స్పృహతప్పి పడిపోయిరని వ్రాసెను. కొన్ని పత్రికలు పరుగెత్తినవారి సంఖ్యను సైతము తప్పుగా ప్రకటించెను. ఈ యసత్యము ఆధారముగా 800 మీటర్ల పరుగు స్త్రీల పోటీలనుండి తొలగింపబడెను. అది మరల వచ్చినది 1960లో, రోము నగరపు క్రీడలలో. ఒక్క అబద్ధము 32 సంవత్సరములు ఎందరో బాలికల దారికి అడ్డముగా నిలిచెను.

ఆలిస్ పోరాటము విడువలేదు. 1930లో ప్రాగ్ నగరమునను, 1934లో లండనునందును మహిళా ప్రపంచ క్రీడలను నడిపించెను. స్త్రీలకు ఒలింపిక్ క్రీడలయందు అన్ని పోటీలను ఇండు, లేదా స్త్రీల క్రీడలను స్త్రీలకే విడిచిపెట్టుడు అని ఆమె నిర్మొహమాటముగా అడిగెను. ఆ కోరిక నెరవేరలేదు. స్త్రీల అథ్లెటిక్సు పాలన 1936లో పురుషులు నడుపు అంతర్జాతీయ సంఘము చేతికి పోయెను. ఆలిస్ నెలకొల్పిన సమాఖ్య అంతరించెను. స్త్రీలకు పోటీలు దక్కెను గాని, ఆ పోటీలను నిర్ణయించు సభలలో వారి స్థానము పోయెను. అనారోగ్యపీడితయైన ఆలిస్ ప్రజాజీవితమునుండి తప్పుకొని, మరల అనువాదపు పనితో జీవితము గడిపెను. 1957 మే 19వ తేదీన ప్యారిస్‌లో ఆమె కన్నుమూసెను. అప్పటికే లోకము ఆమెను మరచిపోయెను. నాంత్ నగరమందలి ఆమె సమాధిపై చిరకాలము ఆమె పేరైనను లేకుండెను.

అయినను ఆమె నాటిన మొక్క ఎండిపోలేదు. 1952లో హెల్సింకి క్రీడలలో మన దేశపు యువతులు నీలిమా ఘోష్, మేరీ డిసౌజా పరుగు పందెములలో పాల్గొనిరి. బరువులెత్తు పోటీ పురుషులకు 1896లోనే ఉండగా, స్త్రీలకు 104 సంవత్సరముల తరువాత, 2000లో సిడ్నీ నగరమున మొదటిసారిగా ఏర్పడెను. ఆ మొదటి అవకాశముననే శ్రీకాకుళం జిల్లాలో పెరిగిన మన తెలుగు వనిత కరణం మల్లీశ్వరి 240 కిలోగ్రాముల బరువు నెత్తి కాంస్య పతకము సాధించెను. ఒలింపిక్ పతకము పొందిన భారతీయ స్త్రీలలో ఆమెయే మొదటిది. బలము ఆమెకు ఆ దినమున కొత్తగా వచ్చినది కాదు. కొత్తగా వచ్చినది తెరచిన ద్వారము మాత్రమే.

2021 మార్చి 8వ తేదీన ఫ్రెంచి ఒలింపిక్ సంఘ భవనములో ఆలిస్ విగ్రహమును నెలకొల్పిరి. 2024లో ప్యారిస్ ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవమున, ఫ్రాన్సు గర్వించదగిన పదిమంది స్త్రీల బంగరు వన్నె విగ్రహములలో ఆమె విగ్రహమును కూడ ప్రదర్శించిరి. ఆ క్రీడలలో స్త్రీలకును పురుషులకును సమానసంఖ్యలో స్థానములు కేటాయింపబడెను. ఆమె 1919లో అడిగినది లభించుటకు నూరేండ్లకు పైగా పట్టెను.

ఆలిస్ మిలియా ఒలింపిక్ పతకము గెలిచినది కాదు. రికార్డు నెలకొల్పినది కాదు. ఇతరులు పరుగెత్తుటకు దారి వేయుటయే ఆమె సాధించిన ఘనకార్యము. ఒకరికి ఒక పని చేతకాదని చెప్పుటకు ముందు, వారికి ఆ పని చేయు అవకాశము ఎన్నడైన ఇచ్చితిమా యని మనలను మనము ప్రశ్నించుకొనవలెను. బాలబాలికలారా! మీ పాఠశాల మైదానములో నేడు ఎవరు ఆడుచున్నారో, ఎవరు గట్టున నిలిచి చూచుచున్నారో ఒక్కమారు గమనింపుడు. గట్టున నిలిచినవారిని లోనికి పిలుచుటయే ఆ మహనీయురాలికి మనము చేయదగిన నిజమైన సన్మానము.