ఎర్రగుంట్ల పేరయ్య గారు



ఛాంపియన్ రీఫ్స్, మారికుప్పం, ఊరిగాం గని లైన్లలో కాపురమున్న మన పెద్దలలో అనేకులు తెలుగు పల్లెల నుండి పని వెదకుకొంటూ వచ్చినవారే. వారిని ఊరు విడిపించింది కరవు ఒక్కటే కాదు. ఊరిలో తమను మనిషిగా చూడకపోవడం కూడా. అటువంటి ఊరిని విడువక, అక్కడే ఉండి అవమానమును సహించిన ఒక విశ్వాసి జీవితమును ఈసారి జ్ఞాపకము చేసికొందాం. పేరయ్య గారి బాప్తిస్మము సంగతి మన సంఘాల్లో అందరూ చెప్పుకొంటారు. ఆ తరువాత జరిగినది మాత్రం అంతగా చెప్పుకోరు.

ఆయన స్వగ్రామం కనిగిరి వైపున్న తలకొండపాడు. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి, తనవారిలో మాట చెల్లిన మనిషి. ఆత్మశాంతి కొరకు బండికట్ల వీరమ్మ అనే గురువు వద్ద రాజయోగం అభ్యసించారు. అక్కడా తృప్తి దొరకలేదు. తోళ్ల బేరం మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు, క్రైస్తవుడైన బంధువు అబ్రాహాము ద్వారా సజీవుడైన దేవుని గూర్చి విన్నారు. ఏలూరు వెళ్లి మిషనరీ అలెగ్జాండర్ దొరగారిని కలిశారు. 1866లో జూయెట్ దొరగారు ఒంగోలు వచ్చినట్లు తెలిసి, భార్య నాగమ్మ గారితో 40 మైళ్లకు పైగా నడిచి వెళ్లి, అక్కడ ఇద్దరూ బాప్తిస్మం పొందారు.

అదే సంవత్సరం సెప్టెంబరులో క్లౌ దొరగారు ఒంగోలు చేరారు. 1867 జనవరిలో ఆయన తలకొండపాడు వచ్చేసరికి పేరయ్య గారు చుట్టుపక్కల పల్లెలన్నిటికీ కబురు చేసి ఉన్నారు. జనం తోపులో దిగి దినాల తరబడి వాక్యం విన్నారు. 28 మంది బాప్తిస్మం పొందారు.

శ్రమలు అక్కడ నుండి మొదలైనవి. కపిల బానలు కుట్టడం, చెప్పులు కుట్టడం, జాతరలో డప్పు కొట్టడం మాదిగవారి వంతు. అందుకు ప్రతిఫలం పంట కాలంలో కళ్లంలో కొలిచే మేర, చచ్చిన గొడ్డు. క్రొత్త విశ్వాసులు ఆదివారం పనికి రామన్నారు, విగ్రహాల ముందు డప్పు కొట్టమన్నారు, చచ్చిన గొడ్డు మాంసం ముట్టమన్నారు. ఊరి పెద్దలకు ఇది మతం మార్పు కన్న పెద్ద నేరంగా తోచింది. నీళ్లు ఆపారు, అంగడిలో సరుకు ఇవ్వవద్దన్నారు. కొట్టించారు. అబద్ధపు కేసులు పెట్టి జైలుకు పంపారు.

పేరయ్య గారు ఈ పల్లెలలోనే బోధకుడుగా తిరిగారు. దెబ్బలు తిన్నవారిలో అనేకులు ఆయన మాట విని క్రీస్తు నొద్దకు వచ్చినవారే. తన మీద పడిన దెబ్బ కన్న తనను నమ్మి వచ్చినవారి మీద పడే దెబ్బను చూచుట కష్టమని నాకు తోస్తుంది. అయినా వారు మరల డప్పు భుజాన వేసుకోలేదు. సహించడమంటే చెప్పినదెల్లా చేయడమని మనలో కొందరి తలంపు. ఆ పల్లెల విశ్వాసులు దెబ్బకు దెబ్బ తీయలేదు, కానిపనికి లొంగనూ లేదు. మన గనుల్లో కూడా 1930లో కార్మికులు తమ వేలిముద్రలు తీసే పద్ధతిని అవమానంగా ఎంచి మూడు వారాలు పని మానిన సంగతి పెద్దలు ఎరుగుదురు.

అవమానం ఒంగోలులోనూ ఎదురైంది. సువార్త వినుటకు వస్తుండిన పై కులాలవారు, మాదిగలను చేర్చుకొంటే మేము రామని క్లౌ దొరగారికి తేల్చి చెప్పారు. ఆయన కలవరపడి ప్రార్థించి బైబిలు తెరవగా కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కనబడింది. దొరసానిగారు వేరే గదిలో తెరచినదీ అదే అధ్యాయమని తెలిసినప్పుడు ఇక సందేహం లేకపోయింది. పై కులాలవారు వెళ్లిపోయారు. పేరయ్య గారి జనం ఉండిపోయారు.

1876-78 నాటి గొప్ప కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పనిలో కొంతభాగం కంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి చూపారు. అన్నం కొరకు వచ్చారన్న మాట రాకూడదని ఆ కాలమున ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరవు తీరిన తరువాత, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ దినం దొరగారు నీటిలో దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ అందరికీ బాప్తిస్మం ఇచ్చారు.