గోపరాజు రామచంద్రరావు

గోరా పేరుతో సుప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు (నవంబర్ 15, 1902 - జూలై 26, 1975) సంఘసంస్కర్త, నాస్తికవాది, స్వాతంత్ర్య సమరయోధుడు. నాస్తికత్వాన్ని పండితుల వాదప్రతివాదాలకు పరిమితం చేయక, అస్పృశ్యతా నిర్మూలనకు సాధనంగా ప్రయోగించి చూడడం ఈయన విశిష్టత.

బాల్యం, ఉద్యోగం

గోరా నేటి ఒడిషాలోని గంజాం జిల్లా ఛత్రపురంలో సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. 1922లో సరస్వతితో వివాహమైంది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రంలో స్నాతకోత్తర పట్టా పొంది మదురై, కొలంబో, కాకినాడ, మచిలీపట్నాలలో అధ్యాపకుడిగా పనిచేశాడు. దయ్యాలున్నాయని ఎవరూ చేరని ఇంట్లో కాపురముండి, ఆ భయం అకారణమని నిరూపించాడు. నిండు గర్భిణి అయిన సరస్వతి గ్రహణం వేళ ఆరుబయట తిరిగింది.

జంధ్యం ధరించడానికి నిరాకరించినందుకు తండ్రి ఇల్లు వదలవలసి వచ్చింది. నాస్తిక భావాల కారణంగా 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాల ఉద్యోగం కోల్పోయాడు.

తాత్త్విక దృక్పథం

మానవుడు స్వతంత్రుడన్నది గోరా తత్త్వానికి మూలసూత్రం. తన స్థితికి విధియో, పూర్వజన్మ కర్మయో కారణమని నమ్మినంతకాలం అణగారినవాడు తిరగబడడు, అణచినవాడు సిగ్గుపడడు. కనుక దైవంపై ఆధారపడడం మానినప్పుడే మనిషి తన బాధ్యతను గుర్తిస్తాడని ఆయన భావించాడు. అయితే దేవుని నిరాకరించడంతోనే పని పూర్తికాదు. ఆచరణ లేని నాస్తికత్వం నిష్ప్రయోజనమని ఆయన అభిప్రాయం.

ఈ ఆశయంతోనే 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించాడు. వయోజన విద్య, అన్ని కులాలవారి సహపంక్తి భోజనాలు అక్కడి ముఖ్య కార్యక్రమాలు. 1947లో కేంద్రం విజయవాడకు తరలింది.

గాంధీజీతో సంబంధం

1944లో గోరా సేవాగ్రాంలో గాంధీజీని కలిసి చర్చించాడు. దైవభక్తుడైన గాంధీజీకి, నాస్తికుడైన గోరాకు సిద్ధాంతంలో పొత్తు కుదరలేదు. అస్పృశ్యతా నివారణ కృషి వారిని దగ్గర చేసింది.

గోరా తన పెద్ద కుమార్తె మనోరమను దళిత యువకుడైన అర్జునరావుకిచ్చి వివాహం చేయ నిశ్చయించాడు. ఇతరులకు బోధించిన తత్త్వానికి ఇది సొంత ఇంట్లో పరీక్ష. ఆ వివాహాన్ని సేవాగ్రాంలో జరిపించడానికి గాంధీజీ సమ్మతించాడు. అంతేగాక వివాహ ప్రమాణంలో దేవుని పేరుకు బదులు సత్యాన్ని చేర్చడానికీ అంగీకరించాడు. 1948 జనవరిలో గాంధీజీ హత్యకు గురయ్యాడు. అయినా మార్చి 13న ఆ వివాహం సేవాగ్రాం ఆశ్రమంలోనే జరిగింది. గాంధీజీతో తన చర్చలను గోరా 1951లో ఆంగ్లంలో పుస్తకంగా వెలువరించాడు.

తరువాతి కృషి

రాజకీయ పక్షాలు అధికారం కోసం ప్రజలను చీలుస్తున్నాయని తలచి, గోరా పార్టీరహిత ప్రజాస్వామ్యాన్ని ప్రచారం చేశాడు. మంత్రులు ఆడంబరాలు విడనాడాలని కోరుతూ 1961-62లో సేవాగ్రాం నుండి ఢిల్లీకి పాదయాత్ర చేశాడు. 1972లో విజయవాడలో ప్రపంచ నాస్తిక మహాసభ నిర్వహించాడు.

ఈయన సంతానం పేర్లలోనూ కులమత చిహ్నాలు కనిపించవు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో పుట్టిన కుమారునికి లవణం అని, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పుట్టినవానికి సమరం అని పేర్లు పెట్టాడు. లవణం 1960లో మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను వివాహమాడాడు.

మరణం

1975 జూలై 26న విజయవాడలో ఒక సభలో ప్రసంగిస్తూనే గోరా మరణించాడు. సహచరి సరస్వతీ గోరా 2006లో మరణించేవరకు ఈ కృషిని కొనసాగించింది. గోరా శతజయంతి సంవత్సరమైన 2002లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.