జాయప సేనాని – చేతి నుండి చేతికి అందిన విద్య

 

మన బాలానగర్ యంత్రముల ఊరు. తెల్లవారినది మొదలు లేత్‌ల చప్పుడు, సుత్తుల చప్పుడు, రహదారిపై లారీల రొద మన చెవులకు అలవాటైనవి. అట్టి ఊరిలో కుంభాభిషేక సమయమున ఋత్విక్కులు కలశములను శిరసున ధరించి యాగశాల నుండి బయలుదేరగానే డోలు మ్రోగుతుంది. ఆ ఒక్క నాదమునకు తక్కిన చప్పుళ్ళన్నియు వెనుకకు తగ్గినట్లుంటుంది. మన చేతులు వాటంతట అవే జోడింపబడతాయి. ఆ క్షణమున మన చూపు కలశముల మీద ఉంటుంది గాని, డోలు వాయించువాని మణికట్టు మీద ఉండదు. ఆ మణికట్టుకు ఆ విద్య ఎక్కడి నుండి వచ్చినదని మనము అడుగము.

ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోయినచో మనము ఎనిమిది వందల ఏండ్ల వెనుకకు, కాకతీయ గణపతిదేవ చక్రవర్తి ఆస్థానమునకు చేరుకుంటాము. అక్కడ ఒక సేనాని కనబడతాడు. ఆయన గజబలమునకు అధిపతి, ఆలయ నిర్మాత, నృత్య శాస్త్రకర్త. ఆయనయే జాయప సేనాని. ఈ పుణ్య సందర్భమున ఆయన జీవితమును మీ ముందుంచుటకు ఒక కారణమున్నది. అది చివరకు మీకే తెలియగలదు.

జాయపుడు కృష్ణానది సముద్రమున కలియు చోట గల దివిసీమకు చెందినవాడు. ఆ సీమను ఏలిన అయ్య వంశములో పినచోడి అను ప్రభువునకు కుమారుడు. గణపతిదేవుడు 1199లో సింహాసనమెక్కి, 13వ శతాబ్ది తొలి సంవత్సరములలో తీరాంధ్రముపై దండెత్తి దివిసీమను జయించినాడు. జయించిన రాజు ఓడిన వంశమును తుడిచివేయలేదు. పినచోడి కుమార్తెలైన నారమాంబను, పేరమాంబను తాను వివాహమాడి, వారి సోదరుడైన జాయపుని తన కొలువులోనికి తీసుకొన్నాడు. పిన్న వయసులోనే ఆ బాలునిలోని చురుకుదనమును గుర్తించి, పెంచి, తరువాతి కాలమున గజసాహిణిగా, అనగా ఏనుగుల దళమునకు నాయకునిగా నియమించినాడు.

ఇక్కడ ఒక విశేషమును గమనింపుడు. రాజు ఆ బాలునికి అంకుశము పట్టుట మాత్రమే నేర్పించి ఊరుకొనలేదు. గుండామాత్యుడను విద్వాంసుని వద్ద కళాశాస్త్రమును అభ్యసింపజేసినాడు. జాయపుడు తన గ్రంథమున ఆ గురువును స్మరించినాడు. రాజు బావగారు, తాను సేనాపతి. అయినను గురువు ఎదుట కూర్చుండి తాళము లెక్కపెట్టుచు విద్య నేర్చినవాడు. సంగీత, నృత్య, వాద్యములు అధికారముచే లభించునవి కావని ఆయన జీవితము చెప్పుచున్నది.

ఆయన దానములు కూడ సామాన్యమైనవి కావు. దివిసీమలో, నేటి కృష్ణా జిల్లా నాగాయలంక మండలములోని గణపేశ్వరమున తన ప్రభువు పేర శివాలయమును నిర్మించినాడు. అక్కడి శాసనము శక సంవత్సరము 1153, అనగా క్రీ.శ. 1231 నాటిది. గుంటూరు సమీపమున తామ్రపురి అని పేరొందిన చేబ్రోలులోను ఆయన శాసనమున్నది. మీవలె ఆయన కూడ ఒక దాత. మీవలె ఆయన కూడ గుడి కట్టించి స్వామి ఎదుట తలవంచినవాడు.

ఆనాటి దాతల దృష్టిలో గుడి అనగా రాయి, సున్నము మాత్రమే కాదు. రుద్రమదేవి కాలమున 1261లో వెలసిన మల్కాపురము శాసనమును చూచినచో ఈ మాట స్పష్టమగును. విశ్వేశ్వర శివాచార్యుల మఠమునకు ఇచ్చిన గ్రామముల ఆదాయమును ఆ శాసనము పంచిపెట్టినది. దేవాలయ పూజతో పాటు వేదపాఠశాలకు, అన్నసత్రమునకు, ప్రసూతిశాలకు, ఇంకను నర్తకులకు, గాయకులకు, వాద్యకారులకు అందులో భాగమున్నది. అర్చకునికి వృత్తి ఏర్పరచినట్లే మద్దెల వాయించువానికిని వృత్తి ఏర్పరచిరి. అతని కడుపు నిండినప్పుడే అతని కుమారుడో శిష్యుడో ఆ వాద్యమును పట్టునని ఆ దాతలు ఎరుగుదురు.

1253–54 సంవత్సరమున జాయపుడు సంస్కృతమున నృత్తరత్నావళిని పూర్తిచేసినాడు. ఎనిమిది అధ్యాయముల ఆ గ్రంథమున మొదటి నాలుగు మార్గ నృత్తమును, తరువాతి నాలుగు దేశి నృత్తమును వివరించును. మార్గమనగా భరతముని కాలము నుండి వచ్చిన శాస్త్రపద్ధతి. దేశి అనగా ఆయా ప్రాంతముల ప్రజలు ఆడుకొను పద్ధతి. జాయపుని ఘనత ఈ రెండవ భాగములోనే ఎక్కువగా కనబడును. వీరశైవుల ఆవేశమును నింపుకొన్న పేరణిని, చిందును, కందుకమును, కర్రలు చేతబట్టి తట్టుచు ఆడు దండరాసకమును, కోలాటమును ఆయన తక్కువ చూపు చూడలేదు. ఊరి జనము కాలితో వేయు అడుగునకు, చేతితో తట్టు కర్రకు శాస్త్రగ్రంథమున స్థానమిచ్చినాడు.

ఆ గ్రంథము చాలకాలము వ్రాతప్రతులలోనే ఉండిపోయినది. డాక్టర్ వి. రాఘవన్ పరిష్కరింపగా 1965లో మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారము పక్షమున వెలువడినది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు తెలుగు చేయగా 1969లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమి ప్రచురించినది. ఆ గ్రంథమును, రామప్ప గుడి శిల్పములను ఆధారముగా గొని నటరాజ రామకృష్ణగారు పేరిణి శివతాండవమును మరల వేదిక నెక్కించినారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ రామప్ప దేవాలయము 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందినది. ఆ గోడలపై నర్తకుల ప్రక్కనే మద్దెలలు ధరించిన వాద్యకారులు నేటికిని నిలిచియున్నారు.

అయితే, భక్తులారా, జాయపుడు వ్రాసినది నృత్తరత్నావళి ఒక్కటే కాదు. గీతరత్నావళి, వాద్యరత్నావళి అను మరి రెండు గ్రంథములు కూడ ఆయన రచించినట్లు ప్రసిద్ధి. పాటకొకటి, వాద్యమునకొకటి, ఆటకొకటి అన్నమాట. వాటిలో ఆట గ్రంథము మాత్రమే మనకు మిగిలినది. వాద్యరత్నావళి లభింపలేదు. కాకతీయుల కాలమున ఏ వాద్యమును ఏ చేత పట్టవలెనో, కర్రను ఎట్లు వేయవలెనో ఆ సేనాని వ్రాసిన వ్రాత కాలగర్భమున కలిసిపోయినది.

ఆ నష్టము ఎంతటిదో తెలియవలెనన్నచో డోలు విద్య ఎట్లుండునో కొంత తెలియవలెను. వాద్యమును మ్రోగించు కర్రకు సంస్కృతమున కోణమని పేరు. ఆలయములలో మ్రోగు డోలుకు ఒక ముఖమున తొడుగులు ధరించిన వ్రేళ్ళు, రెండవ ముఖమున పొట్టి కర్ర పనిచేయును. తెలంగాణ పల్లెలలో మల్లన్న కథ చెప్పు ఒగ్గువారి డోలుకు ఒకచేత కర్ర, రెండవ వైపు అరచేయి. డప్పుకు రెండు పుల్లలు: కుడిచేత పొట్టిదైన సిర్ర, ఎడమచేత సన్నని చిటికెన పుల్ల. చర్మము ఒకటే అయినను ప్రతి వాద్యమునకు పట్టు వేరు, దెబ్బ వేరు.

క్రొత్తగా నేర్చువాడు బలమంతయు భుజములో ఉన్నదని తలచి కొట్టును. కొద్దిసేపటికే భుజము పీకును, నాదము మాత్రము రాదు. గురువు అతని మోచేతిని ఒక చేత నిలిపి, మణికట్టును మాత్రమే కదలనిచ్చును. కర్రను గట్టిగా బిగించిపట్టినచో చర్మము మీద అది చచ్చినట్లు పడును. మరీ వదులుగా పట్టినచో చేయి జారిపోవును. పిట్టను పట్టినట్లు పట్టవలెను, నలగకూడదు, ఎగిరిపోకూడదు. కర్ర చర్మమును తాకిన వెంటనే చర్మమే దానిని పైకి త్రోయును. ఆ త్రోపును అడ్డగింపక చేత గ్రహించుటయే విద్యలోని కీలకము. తాకి లేచిన దెబ్బ గుండ్రని నాదమిచ్చును. తాకి అణచిన దెబ్బ మూసిన నాదమిచ్చును. ఈ రెంటి నడుమ భేదము కంటికి కనబడదు, చేతికి తెలియవలెను.

అందుచేత గురువు మొదట డోలును చేతికీయడు. ముందు నోటితో జతులు పలికించును. తకిట అనిన మూడు, తకధిమి అనిన నాలుగు, రెండును కలిసిన ఏడు. తిశ్రము, చతురశ్రము, ఖండము, మిశ్రము, సంకీర్ణము అను ఐదు జాతులును మూడు కాలములలో నోటికి వచ్చిన పిమ్మట కర్రతో బల్ల మీద సాధన. అది కుదిరిన పిమ్మటనే చర్మము. నిదానముగా వేసినప్పుడు సరియైన దెబ్బ వేగము పెరిగినప్పుడు చెడకుండుటకు సంవత్సరములు పట్టును. బాలానగర్ వాసులకు ఈ మాట క్రొత్త కాదు. 1968 నుండి మన ఊరిలో ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో చదివినవారిని గాని, మన కార్ఖానాలలో పనిచేసిన పెద్దలను గాని అడిగి చూడుడు. కొలతలు కాగితము మీద ఉండును. ఆకురాయి మీద ఎంత ఒత్తిడి ఉంచవలెనో మాత్రము ప్రక్కన నిలిచిన పనివాని చేతిని చూచియే నేర్వవలెను.

ఇప్పుడు ఆలోచింపుడు. జాయపుని వాద్యగ్రంథము పోయినను డోలు ఎట్లు నిలిచినది? గ్రంథము నుండి గ్రంథమునకు కాక, చేతి నుండి చేతికి అందుచు వచ్చినందువలన నిలిచినది. తండ్రి కుమారునికి, గురువు శిష్యునికి, మేళములో పెద్ద డోలు చిన్న డోలుకు నేర్పుచు వచ్చినందువలన నిలిచినది. సుప్రభాతమునకు, నివేదనకు, ఊరేగింపునకు, పవళింపు సేవకు ప్రతిదినము పని ఉన్నందువలన ఆ చేతులు మరచిపోలేదు. బ్రహ్మోత్సవములలో ధ్వజారోహణ వేళ ఆచార్యులు భేరిని పూజించి, కోణముతో తాడనము చేసి దేవతలను ఆహ్వానించుట మీరు చూచియే యుందురు. ఆగమము వాద్యమును అలంకారముగా గాక పూజలో అంగముగా చూచినది. ఆ నియమమే ఈ విద్యకు ఇన్ని శతాబ్దములు కంచె అయినది.

గ్రంథము పోయినప్పుడు చేయి కాపాడినది. చేయి పోయినచో కాపాడుటకు ఏమున్నది? నేడు అనేక ఆలయములలో హారతి వేళ మీట నొక్కినంతనే విద్యుత్తుతో తిరుగు యంత్రము భేరిని, గంటను ఒక్కసారిగా మ్రోగించుచున్నది. వాద్యకారునికి జీతమీయలేని చిన్న ఆలయముల ఇబ్బంది మనకు తెలియనిది కాదు. ఆ యంత్రమును తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. కాని ఆ యంత్రము ఎవరికిని శిష్యుని తయారుచేయలేదు. దాని కర్ర ఎన్ని వేలసార్లు చర్మమును తాకినను ఒక్క బాలుని మణికట్టుకు ఆ దెబ్బ రాదు. ఒక తరము వాద్యకారులు పని లేక వేరు వృత్తులకు మరలినచో, వాద్యరత్నావళికి పట్టిన గతియే ఈ విద్యకును పట్టును. అప్పుడు రాఘవన్ వంటి పండితుడు వచ్చినను పరిష్కరించుటకు ప్రతి ఉండదు.

కనుక దాతలకు మా విన్నపము ఇది. గోపురమునకు, ప్రాకారమునకు ఇచ్చిన మీ చేతులు వాద్యమునకు కూడ ఇయ్యవలెను. కుంభాభిషేకమునాడు పిలిచి పంపివేయుట గాక, నిత్యసేవకు ఒక నాదస్వర విద్వాంసుని, ఒక డోలు విద్వాంసుని నిలుపుకొనుటకు శాశ్వత నిధి ఏర్పడవలెను. వారి వద్ద మన ఊరి పిల్లలు ఇరువురో ముగ్గురో సాయంకాలములందు నేర్చుకొను ఏర్పాటు జరుగవలెను. మరింత శిక్షణ కోరు పిల్లలకు తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానముల వారి నాదస్వర, డోలు పాఠశాల ఉన్నది. ఒక విద్యార్థి చదువు భారమును ఒక కుటుంబము వహించినను చాలును. మల్కాపురము శాసనములోని దాతలు చేసినది ఇదియే.

జాయప సేనాని ఏనుగులు నేడు లేవు, ఆయన సేవించిన సామ్రాజ్యము 1323లో అంతరించినది. ఆయన కట్టించిన గుడి పేరు, వ్రాసిన ఒక గ్రంథము, ఆయన గౌరవించిన అడుగు, కోల మిగిలినవి. మండలాభిషేక దినములలో మీరు ఆలయమునకు వచ్చినప్పుడు ఒక్క నిమిషము డోలు వాయించువాని ప్రక్కన నిలువుడు. కర్ర లేచుట, పడుట, మరల లేచుట చూడుడు. మీ పిల్లలకు చూపుడు. వారిలో ఎవరైనను తానును నేర్చుకొందునని అడిగినచో కాదనకుడు.

స్వామివారి కృపాకటాక్షములు మీ కుటుంబములపై సదా ప్రసరించుగాక అని ప్రార్థించుచున్నాము.