లెక్కకు బాట వేసిన అల్ ఖ్వారిజ్మీ

ఆస్తి పంపకాల దగ్గర వాటాలు తేలనప్పుడు ముఫ్తీ సాహెబును ఆశ్రయించడం మన కుటుంబాల ఆనవాయితీ. ఇప్పుడు అదే లెక్కను సెల్‌ఫోను క్షణంలో తేల్చి చూపుతోంది. మరి లెక్క చేసినంత మాత్రాన యంత్రానికి తెలివి ఉన్నట్టేనా? నేటి తత్వవేత్తలు తర్జనభర్జన పడుతున్న ప్రశ్న ఇది. దీని మూలం వెదుకుతూ పోతే సుమారు 1,200 ఏళ్ల నాటి ఒక మహా పండితుని ముంగిట నిలుస్తాం. ఆయనే ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ.

ఆయన సుమారు 780లో జన్మించారు. ఆయన పేరులోని ఖ్వారిజం మధ్య ఆసియాలోని ఒక ప్రాంతం. అది నేడు ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ దేశాలలో ఉంది. ఆయన విద్వత్తు వికసించింది మాత్రం బాగ్దాదులో. అది 813 నుంచి 833 వరకు పాలించిన ఖలీఫా మామూన్ కాలం. బైతుల్ హిక్మత్ అనే విజ్ఞాన గృహంలో వివిధ భాషల విద్యలు అరబీలోకి వస్తున్న రోజులవి. ఖ్వారిజ్మీ అక్కడి పండితులలో ఒకరు. ఖగోళ పట్టికలు రూపొందించారు. రెండువేలకు పైగా ప్రదేశాల అక్షాంశ రేఖాంశాలతో భూగోళ గ్రంథం రచించారు.

మన దేశంతోనూ ఆయనకు విద్యా సంబంధం ఉంది. 628లో బ్రహ్మగుప్తుడు రచించిన సిద్ధాంత గ్రంథపు విద్య 8వ శతాబ్దంలో బాగ్దాదు చేరింది. సున్నాతో సహా మన అంకెలతో లెక్కలు చేసే పద్ధతిని వివరిస్తూ ఖ్వారిజ్మీ ఒక పుస్తకం రాశారు. 12వ శతాబ్దంలో అది లాటిన్‌లోకి వెళ్లింది. లాటిన్ లేఖకులు ఆయన పేరును అల్గోరిత్మీ అని రాశారు. కంప్యూటర్ నడిచే క్రమానికి నేడు మనం వాడే అల్గారిథమ్ అనే మాట అలా పుట్టింది.

ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చినది అల్ జబ్ర్ వల్ ముఖాబలా గ్రంథం. బీజగణితానికి అల్జీబ్రా అన్న పేరు దాని నుంచే వచ్చింది. జబ్ర్ అంటే విరిగినదాన్ని అతికించి సరిచేయడం, మన పుత్తూరు కట్టు వైద్యులు ఎముకను సరిచేసినట్టు. ముఖాబలా అంటే ఎదురెదురుగా నిలిపి సరిచూడడం. అందులో ఒక లెక్క: ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్య పదింతలు కలిపితే 39 అవుతుంది. ఆ సంఖ్య ఏది? పదిలో సగం 5. దాని వర్గం 25ను 39కి కలిపితే 64. దాని వర్గమూలం 8. అందులోంచి 5 తీసేస్తే 3. ఇదే జవాబు.

ఈ మెట్లు వరుసగా ఎక్కినవారికి, కారణం తెలియకపోయినా, జవాబు దొరుకుతుంది. కారణం తెలియాలని ఖ్వారిజ్మీ చదరాలు గీసి నిరూపించారు కూడా. మెట్లు ఎక్కడం వేరు, మర్మం ఎరగడం వేరు. యంత్రం మొదటిది చేస్తుంది. రెండవది చేస్తుందా అన్నదే నేటి వివాదం. 17వ శతాబ్దంలో జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ మనుషుల వాదోపవాదాలను సైతం లెక్కగట్టి తేల్చవచ్చని ఆశించారు. 1936లో ఆంగ్ల గణితవేత్త అలన్ ట్యూరింగ్, నియమబద్ధమైన లెక్కలన్నీ చేయగల యంత్రాన్ని ఊహించి, అలాంటి ఏ యంత్రమూ తేల్చలేని ప్రశ్నలు కూడా ఉన్నాయని నిరూపించారు.

ఖ్వారిజ్మీ తన గ్రంథంలో పెద్ద భాగాన్ని వీలునామాలు, వారసత్వపు వాటాల లెక్కలకే కేటాయించారు. మన కంబదూరు వంటి మెట్టసీమలో ఒక రైతు 8 ఎకరాల వేరుశనగ చేను వదిలి మరణించాడనుకుందాం. వారసులు భార్య, ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు. షరీఅత్ ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు, అంటే 1 ఎకరం. మిగిలిన 7 ఎకరాలలో కుమారునికి 3.5, ఒక్కొక్క కుమార్తెకు 1.75 ఎకరాలు. అయితే పంపకానికి ముందు అప్పులు తీర్చాలి. చెల్లించని మెహర్ కూడా అప్పే. ఆ తర్వాత వసియ్యత్ నెరవేర్చాలి. అన్న ఒక అప్పును దాచినా, చెల్లెలి చేత బలవంతంగా హక్కు వదిలించుకున్నా ఫోనుకు తెలియదు. ఇచ్చిన అంకెలనే అది కూడుతుంది.

వాన విషయంలోనూ అంతే. మన జిల్లాలో వేరుశనగకు వాతావరణ బీమా అమలైన ఏళ్లలో పరిహారం వర్షపాతం కొలతలను బట్టి తేలేది. కొలిచే చోట వాన పడి, పక్క ఊరి చేను ఎండిపోతే, ఆ ఎండిన చేను సూత్రానికి కనిపించదు. సూత్రంలో తప్పు లేకపోవచ్చు. ఏది కొలవాలో నిర్ణయించింది మాత్రం మనుషులే. దానికి జవాబుదారీ కూడా వారే.

ఖ్వారిజ్మీ సుమారు 850లో కన్నుమూశారు. ఆయన వేసిన బాటలోనే నేటి యంత్రాలు నడుస్తున్నాయి. మన పిల్లలు కంప్యూటర్ విద్యలో ముందుకు సాగాలి. దానితోపాటు, ఏ లెక్క ముందుంచినా అందులో ఎవరిని చేర్చారు, ఎవరిని వదిలేశారు అని అడగడం కూడా నేర్చుకోవాలి. ఫోను చూపిన 1.75 ఎకరాలు చెల్లెలి పేర పట్టాకెక్కే వరకు ఆ ఇంటి లెక్క పూర్తయినట్టు కాదు.