నీలిరంగు చెప్పే లెక్క
వడ్లు పండించే నాగాయలంకవాణ్ణి. గింజలోని పిండిని ఎంజైములు చక్కెరలుగా తుంచుతాయని కాలేజీకొచ్చాకే తెలిసింది. ఈ తుంచుడును కొలవడానికి దారి చూపినవారిలో మన తెలుగువాడొకరున్నారు.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ వెళ్లారు. 1925లో ఫిస్కేతో కలిసి, ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతతో కొలిచే పద్ధతినిచ్చారు. కండరాల్లోని గ్లైకోజెన్‌ను ఫాస్ఫోరిలేజ్ తుంచేటప్పుడు ఫాస్ఫేటు ఖర్చవుతుంది. ఎంత ఖర్చయిందో ఆ రంగే చెబుతుంది.

హార్వర్డులో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీకి మారారు. సోదరుణ్ణి పొట్టనబెట్టుకున్న స్ప్రూ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. 1948లో కన్నుమూశారు. నోబెల్ రాలేదు.

మిత్రులారా! పరీక్షనాళికలో నీలిరంగు తేలినప్పుడు రీడింగు రాసుకుని ఊరుకోకండి. ఆ పేరు కూడా ఒక్కసారి తలచుకోండి.