ఆడపిల్ల చేతికి పుస్తకమిచ్చిన చిత్రకారుడు ఉస్మాన్ హమ్దీ బే

ముస్లిం స్త్రీ అనగానే ఐరోపా వారి మనసులో మెదిలే బొమ్మ ఒకటుంది. హమామ్‌లో గుంపుగా కూర్చున్న ఆడవాళ్ళు, పట్టు పరుపు మీద పడుకున్న దాసీ, సంతలో అమ్మకానికి నిలబెట్టిన పడుచు. ఎవరి ఒంటిమీదా సరిగా బట్ట ఉండదు, ఎవరి చేతిలోనూ పని ఉండదు. ఈ బొమ్మ ఊరికే పుట్టలేదు. 19వ శతాబ్దంలో పారిస్ చిత్రకారులు దీన్ని రంగుల్లో తీర్చిదిద్ది లోకమంతా పంచిపెట్టారు. వారి ఊళ్ళోనే, వారి దగ్గరే ఆ విద్య నేర్చుకుని, అదే కుంచెతో మన ఆడవారిని మర్యాదగా చిత్రించిన మహనీయుడు ఒకరున్నారు. ఆయనే ఉస్మాన్ హమ్దీ బే. మన సొసైటీ సభ్యులకు, వారి పిల్లలకు ఆయనను పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హమ్దీ బే 1842 డిసెంబరు 30న ఇస్తాంబుల్‌లో పుట్టారు. తండ్రి ఇబ్రాహీం ఎద్హెం పాషా. ఈ పాషా కథ కూడా తెలుసుకోదగ్గదే. ఆయన పుట్టుకతో గ్రీకు. 1822లో కియోస్ ద్వీపంలో జరిగిన ఘోర హత్యాకాండలో దిక్కులేనివాడై, బానిస పిల్లవాడుగా ఇస్తాంబుల్ చేరారు. హుస్రెవ్ పాషా ఇంట్లో పెరిగి, పారిస్‌లో గనుల ఇంజనీరింగు చదివి, చివరకు 1877లో ఉస్మానియా సామ్రాజ్యానికే ప్రధానమంత్రి అయ్యారు. బానిస సంత అంటే ఏమిటో ఆ ఇంట్లో పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన పని లేదు.

కొడుకును న్యాయశాస్త్రం చదవమని 1860లో పారిస్ పంపించారు. అబ్బాయి మనసు మాత్రం చట్టాల మీద నిలవలేదు. గుస్తావ్ బూలాంజే అనే చిత్రకారుని దగ్గర శిష్యుడుగా చేరారు. ఆ రోజుల్లో పేరు మోసిన జెరోమ్ శైలి కూడా ఆయన మీద బాగా పని చేసింది. 1867లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో హమ్దీ బే చిత్రాలు మూడు పెట్టారు.

అప్పటికి పారిస్‌లో తూర్పు దేశాల బొమ్మలకు మంచి గిరాకీ. వాటిలో నాలుగింటి సంగతి చెబితే చాలు. ఆంగ్ర్ అనే చిత్రకారుడు 1814లో పరుపు మీద నగ్నంగా పడుకున్న స్త్రీని గీసి ఒడలిస్క్ అని పేరు పెట్టాడు. తుర్కీలో ఒడలిక్ అంటే గదిలో పనిచేసే దాసీ, అంతే. ఆయనే 82 ఏళ్ళ వయసులో, 1862లో తుర్కీ హమామ్‌ను చిత్రించాడు. అందులో ఇరవైమందికి పైగా నగ్నస్త్రీలు. ఆయన తూర్పు దేశాలకు ఒక్కసారి కూడా వచ్చినవాడు కాదు! ఆ పటాన్ని మొదట కొన్న రాకుమారుని భార్యకే అది నచ్చక తిప్పి పంపించేశారు. దెలక్రవా 1832లో అల్జీర్స్‌కు వెళ్ళాడు గాని ఉన్నది మూడు రోజులే. ఫ్రెంచి సైన్యం ఆ నగరాన్ని పట్టుకుని అప్పటికి రెండేళ్ళు. 1834లో ఆయన గీసిన అల్జీర్స్ స్త్రీలు బట్టలు కట్టుకునే ఉన్నారు, కాని సోమరులుగా, దేనికోసమో ఎదురు చూస్తున్నట్టు కనబడతారు.

నాలుగోది అన్నిటికన్నా బాధాకరమైనది. జెరోమ్ 1866లో గీసిన బానిస సంత. అందులో తలపాగాల మగవాళ్ళ మధ్య ఒక స్త్రీని వివస్త్రగా నిలబెట్టి, బేరగాడు ఆమె నోట్లో వేలు పెట్టి పళ్ళు చూస్తుంటాడు. ఉస్మానియా దేశాల్లో బానిసత్వం ఉన్నమాట నిజం, దాన్ని దాచి పుణ్యం లేదు. అయితే ఆ చిత్రం బానిసల కన్నీరు తుడవడానికి గీసింది కాదు, పారిస్ షావుకార్ల గోడల కోసం గీసింది. దాని విషం ఇంకా దిగలేదు. 2019లో యూరోపియన్ పార్లమెంటు ఎన్నికలప్పుడు జర్మనీలో ఒక మితవాద పార్టీ ఇదే బొమ్మను పోస్టర్లుగా వేసి, ముస్లిములు వస్తే మీ ఆడవాళ్ళ గతి ఇదీ అన్నట్టు బెర్లిన్ వీధుల్లో అంటించింది. అసలు పటం ఉన్న అమెరికాలోని క్లార్క్ మ్యూజియం వారు అది ఆపమని కోరవలసి వచ్చింది. ఎన్నడో 153 ఏళ్ళ కిందటి ఊహ ఈనాటి వలస కుటుంబాల మీద సాక్ష్యానికి వచ్చి నిలబడిందన్నమాట.

హమ్దీ బే 1869 ప్రాంతంలో స్వదేశం చేరి, మిద్హత్ పాషా గవర్నరుగా ఉన్న బాగ్దాద్‌లో కొలువు చేశారు. 1873లో వియన్నా ప్రపంచ ప్రదర్శనకు ఉస్మానియా ప్రతినిధిగా వెళ్ళి, సామ్రాజ్యంలోని రకరకాల ప్రజల దుస్తుల మీద ఫొటోలతో ఒక పెద్ద పుస్తకం తయారు చేయించారు. మా ఆడవాళ్ళు, మగవాళ్ళు నిజంగా కట్టే బట్టలివీ అని ఐరోపాకు చూపించిన పుస్తకమది. 1875లో ఇస్తాంబుల్‌లోని కాదికోయ్‌కి మొదటి మేయరయ్యారు.

1881లో రాజ మ్యూజియం ఆయన చేతికి వచ్చింది. అంతవరకు విదేశీయులు తవ్వకాలు జరిపి, దొరికిన దానిలో వాటా పట్టుకుని పోవడం చట్టబద్ధంగానే సాగేది. హమ్దీ బే పట్టుబట్టగా 1884లో కొత్త శాసనం వచ్చింది. భూమిలో దొరికిన ప్రాచీన వస్తువు ప్రభుత్వానిదే, దేశం దాటి పోరాదు అని. ఆయనే స్వయంగా తవ్వకాలకు వెళ్ళేవారు. 1887లో నేటి లెబనాన్‌లోని సైదా దగ్గర భూగర్భ సమాధుల నుంచి, అలెగ్జాండర్ యుద్ధ దృశ్యాలు చెక్కిన ప్రసిద్ధమైన పాలరాతి శవపేటికను వెలికితీసి ఇస్తాంబుల్ చేర్చారు. దాన్ని పెట్టడానికి కట్టిన కొత్త మ్యూజియం భవనం 1891లో తెరిచారు. 1883లో తలుపులు తెరిచిన లలితకళల పాఠశాలకు కూడా ఆయనే వ్యవస్థాపకులు. తమ సొత్తు తమ దగ్గరే ఉండాలన్న పట్టుదల రాళ్ళ విషయంలో ఎంత ఉందో, బొమ్మల విషయంలోనూ అంతే ఉంది.

ఇక ఆయన గీసిన స్త్రీలను చూడండి. 1880 నాటి చిత్రంలో ఒక అమ్మాయి తివాసీ మీద మోకాళ్ళు మడిచి కూర్చుని, ఎదుట తెరిచిన గ్రంథం చదువుతూ ఉంటుంది. ఖుర్‌ఆన్ చదివే అమ్మాయి అని దానికి పేరు. వెనుక పింగాణీ పలకల గోడ, అలమారలో పుస్తకాలు. చూసేవాడి వైపు ఆమె కన్నెత్తదు, చదువులో మునిగిపోయింది. అదే ఏడాది గీసిన మరో పటంలో ఇద్దరు అమ్మాయిలు వాద్యాలతో సాధన చేస్తున్నారు. 1887 నాటి చిత్రంలో స్త్రీలు నిండుగా ఫెరాజెలు తొడిగి, గొడుగులు పట్టుకుని బజారులో షికారు వెళ్తున్నారు. తివాసీ, పలకలు, దీపాలు అన్నీ జెరోమ్ బొమ్మల్లోవే. తేడా అల్లా ఆ మనిషిలో ఉంది. ఆమెకు ఒక పని ఉంది, ఒక ఆలోచన ఉంది, ఒంటిమీద బట్ట ఉంది. ఎందుకంటే ఆయన గీసింది తన ఇంటివారిని చూసి. భార్య నాయిలే హనుం చిత్రం కూడా ఆయన గీశారు. ఆ ఖుర్‌ఆన్ చదివే అమ్మాయి పటం 2019లో లండన్ వేలంలో 60 లక్షల పౌండ్లకు పైగా పలికింది. పోస్టర్ల గొడవ జరిగిందీ ఆ ఏడాదే.

ఆయన గీసిన అన్ని పటాలూ మనకు రుచిస్తాయని చెప్పలేం. 1901లో మెహరాబ్‌కు వీపు చేసి రెహల్ మీద కూర్చున్న స్త్రీని, ఆమె కాళ్ళ దగ్గర చెల్లాచెదురుగా గ్రంథాలను గీశారు. దాని అర్థమేమిటో పండితులు ఈనాటికీ తలోమాట చెబుతారు. ధర్మాభిమానికి మనసు చివుక్కుమంటుంది, అది సహజం. ప్రాణుల బొమ్మలు గీయవచ్చునా అన్న ప్రశ్న ఉండనే ఉంది, అది ఉలమాలు తేల్చవలసిన విషయం. జరిగిన చరిత్ర వరకే ఇక్కడ చెప్పుకుంటున్నాం.

1906లో గీసిన తాబేళ్ళ శిక్షకుడు హమ్దీ బేకు అన్నిటికన్నా ఎక్కువ పేరు తెచ్చింది. 1910 ఫిబ్రవరి 24న ఆయన కన్నుమూశారు. గెబ్జె దగ్గర ఎస్కిహిసార్ గ్రామంలో, తనకిష్టమైన చోటనే సమాధి అయ్యారు. ఆయన పాఠశాలలో ఆడపిల్లలకు చోటు లేదన్న కొరత ఆయన పోయాక తీరింది. 1914లో ఇస్తాంబుల్‌లో ఆడపిల్లలకు వేరే లలితకళల పాఠశాల తెరిచారు. మిహ్రీ హనుం అనే చిత్రకారిణి అక్కడ పాఠం చెప్పారు.

హమ్దీ బే బాటలో నడిచిన మరొకరికి మన హైదరాబాదుతో చుట్టరికం ఉంది. కడపటి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్ కూడా మంచి చిత్రకారుడే. 1915లో ఆయన తన జనానాను గీస్తే అందులో భార్య షెహ్సువార్ ఫిడేలు వాయిస్తూ కనబడుతుంది. 1924లో దేశబహిష్కృతుడైన ఆ ఖలీఫా కుమార్తె దుర్రు షెహవార్ 1931లో నిజాం పెద్దకొడుకు ఆజం జాను పెళ్ళాడి హైదరాబాదు వచ్చింది. పురానీ హవేలీలో ఆమె పేరిట ఉన్న పిల్లల ఆసుపత్రి తెలియనివారు పాతబస్తీలో అరుదు. పారిస్ వారు పరుపు మీద పడుకోబెట్టిన జనానా నుంచి వచ్చిన ఆడబిడ్డ ఇక్కడ ఆసుపత్రికి పేరై నిలిచింది.

తరవాత కాలం మారిందా అంటే, సగమే మారింది. 1954-55లో పికాసో దెలక్రవా పటాన్నే తీసుకుని 15 రకాలుగా గీశాడు. గీతలు కొత్తవి, కాని స్త్రీ మళ్ళీ వివస్త్రే. అసలు మార్పు ఆడవారి చేతి నుంచే వచ్చింది. మొరాకోలో 1956లో పుట్టిన లల్లా ఎస్సాయిదీ, ఆంగ్ర్ ఒడలిస్క్ భంగిమలోనే ఒక స్త్రీని తెల్లని వస్త్రంలో చుట్టి ఫొటో తీసింది. ఆ వస్త్రం మీద, గోడ మీద, చర్మం మీద గోరింటాకుతో అరబీ అక్షరాలు రాసింది. చూడవచ్చిన వాడు ఇక ఆమెను చదవవలసిందే.

హమ్దీ బే బొమ్మలో అమ్మాయి చేతికి పుస్తకం ఇచ్చారు. దాన్ని నిజంగా ఇవ్వవలసింది తల్లిదండ్రులు. పత్రికలోనో సినిమాలోనో ఎవరో వేసిన బొమ్మ చూసి మనం ఎంత నొచ్చుకున్నా, మన పిల్లను ఏడో తరగతిలో బడి మాన్పిస్తే ఆ బొమ్మకు మనమే రంగు పూసినట్టవుతుంది. మన అమ్మాయిలు చదివి, రాసి, తమ సంగతి తామే లోకానికి చెప్పుకునే రోజు ప్రతి ఇంటికీ రావాలని ఆ పరమ కృపాళువును దుఆ చేద్దాం. ఆమీన్.